చరిత్ర బయట నిలబెట్టిన మనుషులు

1

నలభై ఏళ్ళ క్రితం ఒక సినిమా చూసి కడుపుబ్బ నవ్వాను. దాని పేరు ‘ది గాడ్స్ మస్ట్ బి క్రేజీ’. తీసినవాడు దక్షిణాఫ్రికా శ్వేతజాతి దర్శకుడు జేమీ ఉయిస్. విమానంలోంచి ఎవడో విసిరేసిన కోకాకోలా సీసా కలహారి ఎడారిలో పడుతుంది. అక్కడి సాన్ ప్రజలకు బయటి ప్రపంచం ఒకటుందనే తెలియదు. సీసా దేవుళ్ళు పంపారనుకుంటారు. ఉన్నది ఒక్కటే సీసా, కావలసింది అందరికీ. ఎన్నడూ ఎరగని పోట్లాటలు మొదలవుతాయి. చివరకు ఒక సాన్ మనిషి ఆ పాడు వస్తువును లోకపు అంచు మీంచి పారేసి రావడానికి బయలుదేరతాడు.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. ఆ తర్వాత ఒక అధ్యయన తరగతిలో ఆ సీసా కథను ఉదాహరణగా చెప్పాను. సొంత ఆస్తి ఎలా పుట్టిందో, దానితో మనుషుల మధ్య సంబంధాలు ఎలా చెడ్డాయో చెప్పడానికి ఇంతకంటే తేలికైన కథ దొరకదని నా నమ్మకం. విన్న కుర్రాళ్ళు కూడా మెచ్చుకున్నారు.

ఆ సినిమా విడుదలైన 1980లోనే మరో సినిమా వచ్చిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అది జాన్ మార్షల్ తీసిన డాక్యుమెంటరీ. నాయ్ అనే ఒక సాన్ స్త్రీ జీవితకథ. 1951 నుంచీ మార్షల్ కుటుంబం అక్కడికి వెళ్ళి వస్తూ తీసిన దృశ్యాలు అందులో ఉన్నాయి. చిన్నపిల్లగా దుంపలు తవ్వుకుంటూ తిరిగిన నాయ్, పెద్దదయ్యాక ఈనాటి నమీబియాలోని చుంక్వే అనే సర్కారు శిబిరంలో కనిపిస్తుంది. అక్కడ మొక్కజొన్న పిండి రేషను. క్షయ. తాగుడు. తాగి కొట్టుకోవడం. సైన్యంలో చేరమని పిలిచే దక్షిణాఫ్రికా అధికారులు. ఇంతేకాదు, ఆ డాక్యుమెంటరీలో ఒకచోట మరో సినిమా షూటింగు కూడా కనిపిస్తుంది. అది నేను నవ్విన సినిమాయే.

అంటే, రేషను పిండి కోసం వరసలో నిలబడుతున్న జాతి మనుషుల చేతనే ‘మాకు బయటి ప్రపంచం తెలియదు’ అని నటింపజేశారు. ఆ నటన చూసి నేను నవ్వాను. నవ్వడమే కాక సిద్ధాంతం చెప్పాను.

ఈ వ్యాసం ఆ తప్పుకు సంజాయిషీ. అయితే తప్పు నా ఒక్కడిదే అయితే ఇన్ని పేజీలు అక్కరలేదు. సాన్ ప్రజలను గురించి ప్రపంచం రెండు రకాలుగా రాసింది. ఒకటి ఏవగింపు: వీళ్ళు మనుషులకు ఒక మెట్టు కింద ఉన్నవాళ్ళు. రెండోది మురిపెం: వీళ్ళు లోకం చెడిపోకముందు మిగిలిన పసిపిల్లలు. చూడటానికి ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం. నిజానికి రెండింటి పునాదీ ఒకటే: వీళ్ళకు చరిత్ర లేదు. మన అభ్యుదయ శిబిరంలో ఇదే మాట మూడో రూపంలో చెలామణి అయింది. దాన్ని గురించి కూడా మాట్లాడుకోవాలి.

2

ముందు పేరు సంగతి. ‘సాన్’ అన్నది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. పశువులు మేపే పొరుగు జాతి ఖోయిఖోయిలు, పశువులు లేక అడవి మీద ఏరుకు తినేవాళ్ళను ఉద్దేశించి, కొంత చులకనగా అన్న మాట అది. డచ్చివాళ్ళు పొదల మనుషులు అన్నారు. అదే ఇంగ్లీషులో బుష్‌మెన్ అయింది. బోట్స్‌వానాలో బసర్వా అంటారు. వాళ్ళకు అందరినీ కలిపి చెప్పే సొంత పేరు లేదు. ఎవరి గుంపు పేరు వాళ్ళది. ఈశాన్య నమీబియాలో, దానికి ఆనుకున్న బోట్స్‌వానా ప్రాంతంలో ఉండేవారు జుహోన్సిలు. ఆ మాటకు ‘నిజమైన మనుషులు’ అని అర్థం. మధ్య కలహారిలో గుయిలు, గానాలు. దక్షిణాన, కేప్ ప్రాంతపు మెట్టభూముల్లో ఒకప్పుడు ఖామ్‌లు. అంగోలా, జాంబియా, జింబాబ్వేల్లో కూడా కొద్దిమంది ఉన్నారు. మొత్తం కలిపి లక్ష పైచిలుకు.

వాళ్ళ భాషలు కూడా ఒకటి కాదు. మూడు వేరువేరు కుటుంబాలకు చెందినవి. ఒక కుటుంబపు భాష మరో కుటుంబం వారికి బొత్తిగా అర్థం కాదు. అన్నింటికీ ఉమ్మడి లక్షణం నాలుకతో చేసే చప్పుళ్ళు. మనం జాలిపడినప్పుడు నాలుక చప్పరిస్తాం. బండి తోలేవాడు ఎద్దును అదిలిస్తూ బుగ్గ పక్కన నాలుకతో చప్పుడు చేస్తాడు. మనకు అవి మాటలు కావు. వాళ్ళకు అవి హల్లులు. మన లిపిలో వాటికి అక్షరాల్లేవు కనుక ఇక్కడ నేను రాసే పేర్లన్నీ సగం పేర్లే.

ఈ హల్లులే ఒక చారిత్రక సాక్ష్యం. ఖోసా, జూలూ భాషలు వేరే కుటుంబానికి చెందినవి. అయినా వాటిలో ఈ చప్పుళ్ళు ఉన్నాయి. నెల్సన్ మండేలా మాతృభాషలోని ఆ చప్పుళ్ళు ఖోయిఖోయి, సాన్ భాషల నుంచి వచ్చినవే. ఒక భాషలోని హల్లులు మరో భాషలోకి సంతలో రెండు బేరాలాడినంత మాత్రాన వెళ్ళవు. పెళ్ళిళ్ళు జరగాలి. ఒక ఇంట్లో రెండు భాషల తల్లులుండాలి. తరాలు గడవాలి. లోకానికి దూరంగా మిగిలిపోయారని మనం అనుకున్న ప్రజలు, వందల ఏళ్ళుగా ఇరుగుపొరుగుతో కలిసి బతికారని భాషే చెబుతోంది.

3

వాళ్ళ జీవన విధానం గురించి మనకు తెలిసినదానిలో ఎక్కువ భాగం జుహోన్సిల దగ్గర నుంచి వచ్చింది. లోర్నా మార్షల్ 1950లలో, రిచర్డ్ లీ 1963 నుంచి వాళ్ళ మధ్య ఉండి రాశారు. వాళ్ళు రాసినదాని ప్రకారం తిండిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఆడవాళ్ళు ఏరి తెచ్చేదే. మొన చెక్కిన తవ్వుకర్ర, భుజాన తోలు దుప్పటి, అందులో బిడ్డ, ఏరిన దుంపలు, మొంగొంగో గింజలు. పగలగొట్టడానికి కష్టమైనా, నూనె, మాంసకృత్తులు నిండిన గింజ అది. నీళ్ళు దొరకని నెలల్లో త్సామా అనే అడవి పుచ్చకాయే నీళ్ళ కుండ. నిప్పుకోడి గుడ్డు డొల్లలు నీళ్ళ బుడ్లు. మగవాళ్ళ వేటను గురించి ప్రపంచం ఎన్నో కథలు చెప్పుకుంది. కానీ రోజూ పొయ్యి మీద కుండ ఎక్కించింది మాత్రం స్త్రీల శ్రమే.

వేటకు వాళ్ళు వాడే విల్లు చిన్నది. బలమంతా విషంలో ఉంది. ఒక రకం పెంకుపురుగు పిల్లదశలో చెట్టు వేళ్ళ దగ్గర మట్టిలో గూడు కట్టుకుని ఉంటుంది. దాన్ని తవ్వితీసి, దాని లోపలి రసాన్ని బాణానికి పూస్తారు. మొనకు పూయరు, మొన వెనుక కాడకు పూస్తారు. పొరపాటున వేలికి గీసుకున్నా ప్రాణం పోకుండా ఉండటానికి ఆ జాగ్రత్త. విషం తగిలిన జంతువు వెంటనే పడిపోదు. గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అంతదాకా అడుగుజాడ పట్టుకుని వెంట నడవాలి. ఇసుకలో గిట్ట గుర్తు చూసి జంతువు ఎప్పుడు వెళ్ళింది, ఎంత అలసింది, ఏ కాలు కుంటుతోంది చెప్పగలగాలి. ఇది సహజాతం కాదు, తరాలుగా పోగుచేసుకున్న శాస్త్రం.

వేటలో పడిన జంతువు ఎవరిది? మనం కొట్టినవాడిదంటాం. జుహోన్సిలు బాణం ఎవరిదో వాళ్ళదంటారు. బాణాలను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకుంటారు కనుక, గురి బాగా కుదిరినవాడు అదే పనిగా మాంసానికి యజమాని కాలేడు. ముసలివాడి బాణమో, ఆడమనిషి ఇచ్చిన బాణమో కావచ్చు. యజమాని అంటే ఎక్కువ తినేవాడు అని కూడా కాదు. అందరికీ సరిగ్గా పంచవలసిన బాధ్యత నెత్తినపడ్డవాడు అని.

లీ ఒక అనుభవం రాశాడు. క్రిస్మస్ పండుగకు వాళ్ళకు విందు ఇద్దామని బాగా బలిసిన ఎద్దును కొన్నాడు. చూసినవాళ్ళందరూ పెదవి విరిచారు. ఎముకల గూడు, ముసలిది, ఇది ఎవరి పంటి కిందకీ రాదు అన్నారు. అతను కుంగిపోయాడు. తీరా కోసి చూస్తే గుట్టలుగా కొవ్వు. ఎందుకలా ఏడిపించారని అడిగితే సంగతి బయటపడింది. పెద్ద వేట కొట్టిన కుర్రవాడిని కూడా వాళ్ళు అలాగే ఎగతాళి చేస్తారు. పొగిడితే వాడు తానొక దొరననుకుంటాడు, మిగతావాళ్ళను నౌకర్లనుకుంటాడు. ఆ గర్వం ఏదో ఒకనాడు ఎవరినో చంపుతుంది. అందుకని వాడి గుండెను ముందుగానే చల్లబరచాలి.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. ఈ సమానత్వం మంచి మనసుల వల్ల దానంతట అది వచ్చింది కాదు. వాళ్ళకూ అసూయ ఉంది, అహంకారం ఉంది, హత్యలు కూడా జరిగాయి. సమానత్వాన్ని వాళ్ళు రోజూ కష్టపడి తయారుచేసుకున్నారు. ఎగతాళితో, పంపకపు నియమంతో, ‘హారో’ అనే కానుకల సంబంధంతో. ఎక్కడో దూరాన ఉన్న హారో నేస్తానికి ఈ ఏడు పూసలదండ పంపితే, తిరుగు కానుక మరో ఏడు రావచ్చు. తొందరలేదు. కానీ తన ప్రాంతంలో వానలు పడని ఏడు ఆ నేస్తం నీళ్ళ దగ్గరకు వెళ్ళి కొన్నాళ్ళు బతికే హక్కు ఉంటుంది. అది కరువు మీద వాళ్ళు కట్టుకున్న భీమా.

నేల ఎవరిదీ కాదని కూడా అనుకోరాదు. నీటి చెలమ, చుట్టూ దుంపలు గింజలు దొరికే నేల కలిపి ‘నోరే’ అంటారు. తల్లివైపు నుంచో తండ్రివైపు నుంచో మనిషికి నోరే హక్కు వస్తుంది. బయటివాళ్ళు వస్తే అడిగి తాగాలి. అడిగినవాళ్ళకు కాదనడం మర్యాద కాదు, కానీ అడగకపోవడం నేరం. ఈ ఒక్క మాట జ్ఞాపకం ఉంచుకుంటే తరువాతి చరిత్ర అర్థమవుతుంది. వాళ్ళ నేలను తీసుకున్నవాళ్ళెవరూ అడగలేదు.

4

1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ కేప్ తీరంలో ఓడలకు కూరగాయలు, మాంసం సమకూర్చే మజిలీ ఒకటి పెట్టింది. ముందు ఖోయిఖోయిల పశువులు, మేతబీళ్ళు పోయాయి. ఆ తర్వాత తెల్లరైతులు మందలతో ఉత్తరానికి కదిలారు. వానలు తక్కువైన ఆ నేలలో నీటి చెలమ ఎవరి చేతిలో ఉంటే నేల వాళ్ళది. చెలమలు పోయాయి. తుపాకులకు జింకలు పోయాయి. దుంపలు గొర్రెల డెక్కల కింద పోయాయి. మిగిలినవి గొర్రెలే. సాన్‌లు గొర్రెల్ని పట్టుకుపోవడం మొదలుపెట్టారు. మందలను చంపి, కొట్టాలు తగలబెట్టి ఎదురుతిరిగారు. రైతుల భాషలో అది దొంగతనం.

దొంగతనానికి శిక్షగా గుర్రాల మీద సాయుధ రైతు దళాలు బయలుదేరాయి. 1774లో సరిహద్దు పొడుగునా ఒకేసారి నడిచిన దళాలు, కంపెనీ లెక్కల ప్రకారమే, 500 మందికి పైగా సాన్‌లను చంపాయి. 200 మందికి పైగా పట్టుకున్నాయి. 1777లో కేప్ పాలకమండలి వాళ్ళను నిర్మూలించడానికి అనుమతినిచ్చింది. మగవాళ్ళను చంపడం, పిల్లల్ని పట్టుకుపోయి ఫారాల్లో వెట్టికి పెట్టుకోవడం పద్ధతిగా మారింది. డచ్చివాళ్ళు పోయి ఇంగ్లీషువాళ్ళు వచ్చారు. 1847లో వలస సరిహద్దును ఆరెంజ్ నది దాకా జరపడంతో ఖామ్‌ల దేశం మొత్తం కాగితం మీద కూడా పరాయిదైంది. 1860లలో లూయీ ఆంతింగ్ అనే మేజిస్ట్రేటు అక్కడ తిరిగి విచారించి, రైతులు ఏళ్ళ తరబడి సాన్‌లను వేటాడి చంపుతున్నారని 1863లో కేప్ పార్లమెంటుకు నివేదించాడు. ఏమీ జరగలేదు.

మన వంటి సాహిత్య విద్యార్థులకు అత్యంత ముఖ్యమైన ఘట్టం ఈ హత్యాకాండ చివరి అంకంలో ఉంది. కేప్‌టౌన్ రేవులో అలలను ఆపే రాతిగోడ కట్టడానికి ఖైదీలను పనిలో పెట్టారు. వాళ్ళలో పశువుల దొంగతనం కింద శిక్షపడిన ఖామ్‌లు కొందరున్నారు. విల్‌హెల్మ్ బ్లీక్ అనే జర్మన్ భాషాశాస్త్రవేత్త, ఆ నగరంలో గ్రంథాలయం చూసుకునేవాడు, ఈ సంగతి తెలిసి ప్రభుత్వం అనుమతితో ఒక్కొక్కరినీ తన ఇంటికి తెచ్చుకున్నాడు. 1871లో వచ్చిన వృద్ధుడు కాబ్బో. ఆ పేరుకు కల అని అర్థం. బ్లీక్, అతని మరదలు లూసీ లాయిడ్ అతని దగ్గర భాష నేర్చుకుని కథలు రాసుకున్నారు. పుస్తకంలో ఒక వరసలో ఖామ్ భాష, పక్క వరసలో ఇంగ్లీషు. మాంటిస్ అనే పురుగు రూపంలోని కాగ్గెన్ చేసే చిలిపి పనులు, సృష్టి. తల్లి చచ్చిపోయిందని ఏడ్చే కుందేలుపిల్ల, తిరిగివస్తుందన్న చంద్రుడి మాట నమ్మనందువల్ల మనుషులకు చావు వచ్చిన కథ. వానను పశువుగా పట్టి తెచ్చేవాళ్ళ సంగతులు.

కాబ్బో శిక్షాకాలం తీరాక కూడా కొంతకాలం అక్కడే ఉన్నాడు. తమ కథలు పుస్తకాల ద్వారా తెలియాలన్న కోరిక అతనికుందని వాళ్ళు నమోదు చేశారు. మరో పక్క ఇల్లు చేరాలన్న ఆరాటం. తన చోటుకు వెళ్ళి, తనవాళ్ళ మధ్య కూర్చుని కథలు వినాలని అతను ఎదురుచూశాడు. ఊళ్ళో తాను కథలు వినేవాడు, ఇక్కడ పరాయిల ఇంట్లో చెప్పేవాడు మాత్రమే. 1873లో తిరిగి వెళ్ళాడు. 1876లో చనిపోయాడు. అంతకు ముందు ఏడాదే బ్లీక్ కూడా పోయాడు. లాయిడ్ ఇతర ఖామ్‌ల దగ్గర పని కొనసాగించింది. ఆ సేకరణ నుంచి ఒక సంపుటం తీసుకురావడానికి ఆమెకు 1911 దాకా పట్టింది. చేతిరాత పుస్తకాల్లో 12 వేల పేజీలకు పైగా ఉంది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 2000లో దక్షిణాఫ్రికా తన కొత్త రాజచిహ్నం మీద నినాదాన్ని ఖామ్ భాషలో రాసుకుంది. అప్పటికి ఆ భాష మాట్లాడే మనిషి ఒక్కడూ లేడు.

2006లో దక్షిణాఫ్రికా కవులిద్దరి మధ్య ఒక వివాదం వచ్చింది. ఖామ్ కథనాలను ఆధునిక పద్యాలుగా మలచడంలో ఒకరి నుంచి మరొకరు కాపీ కొట్టారా లేదా అన్నది తగాదా. సాహిత్యంలో ఇది న్యాయమైన ప్రశ్నే కావచ్చు. కానీ ఇద్దరూ ఎత్తిరాసింది రేవు గోడకు రాళ్ళు మోసిన ఖైదీల మాటలు. ఆ ఖైదీలు ఆ మాటలు చెప్పవలసి వచ్చింది, వినడానికి తనవాళ్ళు మిగలని రోజుల్లో. ఈ సంగతిని పక్కన పెట్టి శిల్పాన్ని గురించి ఎంత మాట్లాడినా ఆ మాటలు అసంపూర్ణమే.

5

ఇప్పుడు మన శిబిరం దగ్గరకు వస్తాను.

మోర్గాన్ 1877లో, అతని ఆధారంగా ఎంగెల్స్ 1884లో సమాజ పరిణామాన్ని దశలుగా చెప్పారు. వాళ్ళకు అప్పటికి దొరికిన ఆధారాలతో అది గొప్ప ముందడుగు. కుటుంబం, ఆస్తి, రాజ్యం శాశ్వతం కావని, ఒకనాడు పుట్టినవే కనుక ఒకనాడు పోతాయని చెప్పిన ఆలోచన అది. కానీ మేం దాన్ని చదివిన పద్ధతి వేరు. దశలను మెట్లుగా చేసి, బతికి ఉన్న ప్రజలను ఆ మెట్ల మీద కూర్చోబెట్టాం. అడుగుమెట్టు మీద ఆదిమ సామ్యవాదం. దాని ఎదురుగా బ్రాకెట్లో ‘ఉదా: బుష్‌మెన్’.

1966లో చికాగోలో వేటాడే సమాజాల మీద జరిగిన మహాసభ ఈ చదువుకు కొత్త ఊపునిచ్చింది. జుహోన్సిలు తిండి సంపాదనకు వారానికి రెండు మూడు రోజులకు మించి శ్రమపడటం లేదని లీ లెక్కలు చూపాడు. కోరికలు తక్కువ, తీరిక ఎక్కువ గనుక అసలైన సంపన్న సమాజం అదేనన్నాడు సాహ్లిన్స్. పెట్టుబడిదారీ సమాజాన్ని నిలదీయడానికి ఎంత చక్కని ఆయుధం! మేమూ అందుకున్నాం. గింజలు పగలగొట్టడం, కట్టెలు, నీళ్ళు, పనిముట్ల తయారీ కూడా కలిపితే పని వారానికి 40 గంటలు దాటుతుందని తర్వాత లీ లెక్కల్లోనే తేలింది. ఇంటిపని పని కాదనుకున్న లెక్క ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

1989లో ఎడ్విన్ విల్మ్‌సెన్ అసలు పునాదినే ప్రశ్నించాడు. వాయవ్య బోట్స్‌వానాలోని త్సొడిలో కొండల దగ్గర తవ్వకాల్లో వెయ్యేళ్ళకు పైబడిన ఇనుము, పశువుల ఆనవాళ్ళు దొరికాయి. 19వ శతాబ్దంలో ఏనుగు దంతాలు, నిప్పుకోడి ఈకల వ్యాపారం కలహారి లోపలికి చొచ్చుకుపోయింది. త్స్వానా రాజ్యాల్లో బసర్వాలు ‘మలాటా’లు. అంటే వంశపారంపర్యంగా దొరల పశువులు కాసే వెట్టివాళ్ళు. కనుక మీరు ఆదిమ సమాజంగా చూస్తున్నది పశువులు, నేల పోగొట్టుకున్న అట్టడుగు వర్గాన్ని అన్నాడు విల్మ్‌సెన్. లీ, ఇతరులు గట్టిగా ఎదిరించారు. డోబే వంటి ప్రాంతాల్లో బయటి వ్యాపారం తాకినా, తమ పద్ధతిలో తాము బతికిన గుంపులున్నాయని చూపారు.

ఈ తగువులో నా అభిప్రాయం చెబుతాను. ఒకే జవాబు అన్ని సాన్ సమూహాలకూ సరిపోదు. బోట్స్‌వానా పశ్చిమాన గాంజీలో 1898లో సెసిల్ రోడ్స్ పథకం కింద బోయర్ రైతులు దిగారు. అక్కడి సాన్‌లు తమ నేల మీదే పశువుల కాపర్లయ్యారు. జుహోన్సిల లోతట్టు నేలకు ఆ ఒత్తిడి చాలా ఆలస్యంగా చేరింది. ఒకరిది అట్టడుగు వర్గంగా మార్చబడిన చరిత్ర. మరొకరిది కొంతకాలం తప్పించుకుని నిలిచిన చరిత్ర. తప్పించుకోవడం కూడా చరిత్రే. పంచుకోవాలన్న నియమాన్ని, తెలిసి తెలిసి, పక్కనే పశువుల ఆస్తి ఉండగా నిలబెట్టుకున్నారంటే అది ఆదిమ దశలో నిద్రపోవడం కాదు. అది ఎంపిక, ప్రయత్నం. విల్మ్‌సెన్ మాటా పూర్తిగా కొట్టేయలేం. లీ చూసిన ఎగతాళినీ కొట్టేయలేం. మా తరగతి నోట్సులోని బ్రాకెట్టును మాత్రం కొట్టేయక తప్పదు.

6

ఇరవయ్యో శతాబ్దం మార్పులను ఇక క్లుప్తంగా చెబుతాను. నమీబియాను దక్షిణాఫ్రికా ఏలుతున్న కాలంలో, 1970లో, వర్ణవివక్ష పథకం కింద ‘బుష్‌మన్‌లాండ్’ ఏర్పాటైంది. జుహోన్సిల పాత నేలలో చాలా భాగం గీత బయట ఉండిపోయింది. గీత లోపల చుంక్వేలో జనాన్ని పోగుచేశారు. కదులుతూ బతికే సమాజం ఒకచోట కూలబడితే చుట్టుపక్కల దుంపలు, గింజలు త్వరలోనే అయిపోతాయి. పిండి రేషనే గతి. 1970లలో సైన్యం వచ్చింది. నమీబియా విముక్తి పోరాటాన్ని అణచడానికి సాన్‌ల అడుగుజాడ శాస్త్రం దానికి కావలసి వచ్చింది. జీతం వచ్చిన కొద్ది ఇళ్ళు, రాని ఇళ్ళు. మాంసాన్ని పంచడానికి నియమం ఉంది, జీతాన్ని పంచడానికి నియమం లేదు. ఆ జీతాల చుట్టూ సారా, కొట్లాటలు. 1990లో నమీబియా స్వతంత్రమవుతున్న సమయంలో, సైనికులు, వాళ్ళ కుటుంబాలు కలిపి నాలుగు వేలమంది దాకా దక్షిణాఫ్రికాకు తరలిపోయి, కింబర్లీ దగ్గర గుడారాల్లో పదేళ్ళకు పైగా గడిపారు. సీసా కథకు ఇదీ అసలు సందర్భం.

బోట్స్‌వానా కథ మనకు మరింత ఇబ్బంది కలిగించేది. అక్కడ ఏలేది తెల్ల ప్రభుత్వం కాదు. ఎన్నికైన ఆఫ్రికన్ ప్రభుత్వం. 1961లో బ్రిటిష్ పాలన చివరి రోజుల్లో ఏర్పడిన మధ్య కలహారి రిజర్వు సుమారు 52 వేల చదరపు కిలోమీటర్లు. వన్యమృగాలతోపాటు అక్కడ వేటాడి బతికే ప్రజలకు చోటు ఉండాలన్నది అప్పటి ఉద్దేశం. 1980ల ఆరంభంలో లోపల గోపే దగ్గర వజ్రాలు కనిపించాయి. 1997లో, 2002లో ప్రభుత్వం అక్కడి జనాన్ని బయటి కాలనీలకు తరలించింది. వజ్రాల కోసం కాదు, బడి, ఆసుపత్రి, అభివృద్ధి కోసం, మృగాల రక్షణ కోసం అంది. 2002లో మొథొమేలో అనే చోట ఉన్న బోరుబావిని మూసేశారు. రాయ్ సెసానా, మరికొందరు కోర్టుకెక్కారు. 2006 డిసెంబరు 13న హైకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ఆధిక్యంతో ఆ తరలింపు చెల్లదంది. అయితే ప్రభుత్వం సేవలు పునరుద్ధరించనక్కరలేదని కూడా అంది. పిటిషన్‌లో పేరున్నవాళ్ళకే తిరిగి వెళ్ళే హక్కని ప్రభుత్వం తేల్చింది. సొంత నేలలో సొంత ఖర్చుతో నీళ్ళు తోడుకునే హక్కు కోసం మళ్ళీ కోర్టు. అది 2011లో అప్పీలులో దక్కింది. 2014లో దేశమంతటా వేట నిషేధించారు. అదే ఏడు గోపేలో గని తెరిచారు. వేట నిషేధం 2019లో తొలగింది. 2021లో చనిపోయిన ఒక వృద్ధుడిని రిజర్వులోని పూర్వీకుల నేలలో పాతిపెట్టడానికి 2022లో కోర్టు ఒప్పుకోలేదు. ఒకప్పుడు సాన్‌ల తరఫున వాదించిన న్యాయవాది డూమా బోకో 2024లో అధ్యక్షుడయ్యాక గాని ఆ శవానికి మట్టి దక్కలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో ప్రభుత్వం చేతిలోని మాట ‘అభ్యుదయం’. మన సంఘం పేరులో ఉన్న మాట. బడి, ఆసుపత్రి మంచివే. సాన్ తల్లులు కూడా వాటిని కోరారు. అవి కావాలంటే నేల వదలాలన్న షరతు ఎవరు పెట్టారన్నదే ప్రశ్న. రాతియుగపు మనుషులు అని ముద్ర వేశాక, వాళ్ళను వాళ్ళ నేల మీంచి కదిలించడం దోపిడీలా కనిపించదు, ఉద్ధరణలా కనిపిస్తుంది. ఆ ముద్ర తయారీలో సినిమావాళ్ళతోపాటు మా బ్రాకెట్టుకూ వాటా ఉంది.

7

కేప్‌టౌన్ మ్యూజియంలో ఖోయిఖోయిలు, సాన్‌ల శరీరాల నుంచి ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో నేరుగా అచ్చుతీసిన బొమ్మలుండేవి. 1960 నుంచి వాటిని ఒక వేట శిబిరం దృశ్యంగా అమర్చి చూపించారు. జంతువులు, చేపలు, శిలాజాలు ఉన్న భవనంలోనే. తెల్లవాళ్ళ కుర్చీలు, పింగాణీ పాత్రలు వేరే భవనంలో, సంస్కృతి చరిత్ర అన్న పేరు కింద. 2001లో ఆ దృశ్యాన్ని మూసేశారు. గాజు పలక వెనక నుంచి చరిత్రలోకి రావడానికి అంత కాలం పట్టింది.

అయితే సాన్‌లు మ్యూజియం తలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. న్యే న్యేలో జుహోన్సిలు 1980లలోనే రైతు సహకార సంఘం పెట్టుకుని తమ నోరేలకు తిరిగి వెళ్ళారు. 1998లో అక్కడి నేల మీద, మృగాల మీద నిర్వహణ హక్కు సంపాదించారు. నమీబియాలో ప్రజల ఉమ్మడి నేల మీద ఏర్పడిన మొదటి సంరక్షణ సంఘం అదే. దక్షిణాఫ్రికాలో కొమానీ సాన్‌లు 1999లో పోగొట్టుకున్న నేలలో కొంత తిరిగి పొందారు. అంతరించిందని పండితులు రాసేసిన నూ భాష మాట్లాడే ముసలివాళ్ళు ఆ పోరాటంలోనే బయటపడ్డారు. వాళ్ళలో కత్రీనా ఏసావు ఉపింగ్టన్‌లో తన ఇంటి దగ్గరే పిల్లలకు ఆ భాష నేర్పింది. మనవరాలితో కలిసి 2021లో ఆ భాషలో పిల్లల కథల పుస్తకం తెచ్చింది. కాబ్బో కథలు మొదట పరాయి చేతిలో పుస్తకమయ్యాయి. ఏసావు కథ సొంత మనవరాలి చేతిలో పుస్తకమైంది. నూట యాభై ఏళ్ళలో ఇంత దూరం నడిచారు.

2017లో దక్షిణాఫ్రికా సాన్‌లు తమ మీద పరిశోధన చేసేవాళ్ళకు ఒక నియమావళి ప్రకటించారు. మర్యాద, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, తమ పద్ధతి ప్రకారం అనుమతి తీసుకోవడం అందులోని విలువలు. ఇందులో కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. నోరేలో అడుగుపెట్టే ముందు అడగాలన్న పాత నియమాన్నే విశ్వవిద్యాలయాల వాకిట్లో నిలబెట్టారు.

గిరిజనులను గురించి కథ, నవల, పాట రాసే మనకు ఇందులో నేర్చుకునేది ఉంది. అమాయకులు, కల్మషం లేనివాళ్ళు అని రాసినప్పుడల్లా మనం ఒక తేదీని చెరిపేస్తున్నామేమో చూసుకోవాలి. వాళ్ళ చెలమ ఏ సంవత్సరం పోయింది, ఏ చట్టం కింద పోయింది, ఆ రోజు వాళ్ళు ఎలా ఎదిరించారు అన్నది రాయకుండా వాళ్ళ మంచితనం ఒక్కటే రాస్తే అది పొగడ్తగా మొదలై గాజు పలక దగ్గర ఆగుతుంది.

ఆనాటి అధ్యయన తరగతి నోట్సు నా దగ్గర ఇంకా ఉంది. బ్రాకెట్టు కొట్టేశాను. పక్కన చోటున్నంత మేరకు 1774, 1863, 1970, 2002, 2006 అని రాసుకున్నాను. ఆ రోజు ఆ తరగతిలో కూర్చున్నవాళ్ళలో ఎవరైనా ఈ పత్రిక చదువుతూ ఉంటే, దయచేసి తమ నోట్సులో కూడా దిద్దుకోవాలని కోరుతున్నాను.